బస్సు రూట్ల నుంచి రాష్ట్రపతి భవనం దాకా

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



మా వెంకటాచలంలో రోడ్డు పక్కన నిలబడి, నెల్లూరు వైపుకో గూడూరు వైపుకో వెళ్ళే ఆర్టీసీ బస్సు కోసం ఎదురుచూసే ఆడవాళ్ళు ఏ వేళ చూసినా నలుగురైనా వుంటారు. ఆ బస్సుకీ, ఢిల్లీలో రాష్ట్రపతి భవనానికీ ఏదైనా సంబంధం వుంటుందని వాళ్ళలో ఎవరికైనా తోస్తుందా? తోచదు. కాని వుంది. ఒక జిల్లాలో బస్సు రూట్ల మీద వచ్చిన తగాదా ఒక ముఖ్యమంత్రిని కుర్చీ దింపింది. అదే మనిషి అయిదేళ్ళకు రాష్ట్రపతి పదవికి నిలబడి ఓడిపోయారు. మరో ఎనిమిదేళ్ళకు అదే పదవికి పోటీయే లేకుండా ఎన్నికైనారు. ఆయన మన నీలం సంజీవరెడ్డిగారు. ఒకసారి ఓడి మళ్ళీ గెలిచిన రాష్ట్రపతి గాని, పోటీ లేకుండా ఎన్నికైన రాష్ట్రపతి గాని మన దేశంలో ఇంతవరకు ఆయన ఒక్కరే.

"రాజకీయాలు మనకెందుకమ్మా, వంటింట్లో పనులు చాలవా?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. మా వెంకటాచలం మండలంలోని చవటపాలెంలో పుట్టిన వెంకయ్యనాయుడుగారు 2017 నుంచి 2022 వరకు ఉపరాష్ట్రపతిగా వున్నారు. అంటే ఆ పదవులు మనకు అంత దూరమేమీ కావు. పదవి పెద్దదే గాని, అక్కడికి వెళ్ళేవాళ్ళు మనలాంటి పల్లెల్లో పుట్టినవాళ్ళే. అదీగాక, ఈ చరిత్రలో వున్న అసలు ప్రశ్న మన ఇళ్ళలో రోజూ వచ్చేదే. ఒకసారి మాటపడిన మనిషిని మళ్ళీ నమ్మి బాధ్యత అప్పగించవచ్చునా? అప్పగిస్తే ఏం చూసి అప్పగించాలి? పనిమనిషి దగ్గర నుంచి పిల్ల సంబంధం దాకా మనం తేల్చుకోవలసి వచ్చే విషయం ఇదే కదండీ.

సంజీవరెడ్డిగారు 1913 మే 19న అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టారు. మద్రాసులో అడయారు దివ్యజ్ఞాన సమాజం వారి పాఠశాలలో కొన్నాళ్ళు చదివి, అనంతపురం కాలేజీలో చేరి, గాంధీగారి పిలుపు విని చదువు మానేసి ఉద్యమంలోకి వచ్చారు. జైలుకు వెళ్ళారు. స్వాతంత్ర్యం తరువాత మద్రాసు రాష్ట్రంలో మంత్రి అయినారు. 1952 ఎన్నికల్లో అనంతపురంలో ఓడిపోయారు. ఓడించింది ఎవరనుకున్నారు? కమ్యూనిస్టు నాయకులు తరిమెల నాగిరెడ్డిగారు. వరసకు ఆయనకు బావమరిదే! ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన విషయంలో ఇంటి గెలుపే కష్టమైపోయింది. అయినా వెనక్కు తగ్గలేదు. ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులుగారి దగ్గరా, తరువాత మన నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం వారైన బెజవాడ గోపాలరెడ్డిగారి దగ్గరా ఉపముఖ్యమంత్రిగా పనిచేశారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడితే మొదటి ముఖ్యమంత్రి ఆయనే. మధ్యలో 1960 నుంచి రెండేళ్ళు కాంగ్రెసుకు అఖిల భారత అధ్యక్షులుగా వుండి, 1962లో మళ్ళీ ముఖ్యమంత్రి అయినారు. ఆ ఎన్నికల్లో ఆయన నెగ్గింది కర్నూలు జిల్లా డోన్ నుంచి.

అక్కడే చిక్కు వచ్చింది.

ఆ రోజుల్లో చాలా జిల్లాల్లో బస్సులు ప్రైవేటువాళ్ళవి. 1958లో ఏర్పడిన రోడ్డు రవాణా సంస్థ ఒక్కొక్క జిల్లా చొప్పున రూట్లను తన చేతిలోకి తీసుకుంటూ వస్తోంది. ఏ జిల్లా ముందు, ఏ జిల్లా తరువాత అని ఒక వరస అనుకున్నారు. ఆ వరస తప్పించి, కర్నూలు జిల్లాలో పడమటి భాగాన్ని ముందుకు తెచ్చారు. ఆ రూట్లలో బస్సులు నడుపుకుంటున్నవాళ్ళు కోర్టుకు ఎక్కారు. "ఇది ప్రజల సౌకర్యం కోసం చేసిన పని కాదు. ఇక్కడి బస్సుల యజమానుల్లో ముఖ్యమంత్రిగారికి రాజకీయంగా గిట్టనివాళ్ళు వున్నారు, వాళ్ళను దెబ్బతీయడానికే చేయించారు" అని వాళ్ళ ఆరోపణ. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1964 ఆరంభంలో తీర్పు వచ్చింది. ఆ పడమటి భాగం పథకాలను కోర్టు కొట్టివేసింది. వాటి వెనుక దురుద్దేశం వుందన్న ఆరోపణకు సరైన జవాబు రాలేదన్నది.

ఈ మాట కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ముఖ్యమంత్రి తప్పు చేశారనడానికి ఎవరో ఎదురుగా చూసి సాక్ష్యం చెప్పినందువల్ల తీర్పు అలా రాలేదు. ఆరోపణ ఆయన మీద స్వయంగా చేశారు. "అది నిజం కాదు" అని ఆయన స్వయంగా ప్రమాణపత్రం, అదే అఫిడవిట్, దాఖలు చేసి వుండవలసింది. చేయలేదు. అధికారులు చెప్పిన సమాధానాలు వున్నాయి గాని, ఏం మనసులో పెట్టుకుని చెప్పారో చెప్పగలిగిన మనిషి నోరు విప్పలేదు. మౌనం అర్ధాంగీకారం అంటాం చూడండి, న్యాయస్థానం కూడా ఇంచుమించు అదే చెప్పింది. మాటపడ్డప్పుడు మన ఇళ్ళలో "వాళ్ళ నోటికి మనం జవాబేమిటి" అని వూరుకోవడం గౌరవం అనుకుంటాం. వీధిలో మాటకు అది సరే. అడగవలసిన చోట అడగవలసినవాళ్ళు అడిగినప్పుడు కూడా వూరుకుంటే, ఆ వూరుకోవడమే మన మీద సాక్ష్యం అవుతుంది.

రాజీనామా చేయమని కోర్టు అనలేదు. శాసనసభలో ఆయనకు మెజారిటీ పోలేదు. అయినా 1964 ఫిబ్రవరిలో సంజీవరెడ్డిగారు తనంత తానుగా ముఖ్యమంత్రి పదవి వదిలేశారు. కాసు బ్రహ్మానందరెడ్డిగారు ముఖ్యమంత్రి అయినారు. కుర్చీ దిగడం చిన్న విషయం కాదు. కోర్టులు తప్పుపట్టినా కుర్చీని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నవాళ్ళను మనం ఆ తరువాత ఎంతమందిని చూడలేదు! ఆ మేరకు ఆయనకు మార్కులు వేయవలసిందే.

కాని వేసే ముందు రెండో పక్క కూడా చూడండి. అదే సంవత్సరం జూన్‌లో, అంటే నాలుగు నెలలు తిరక్కుండానే, ఢిల్లీలో ఉక్కు, గనుల శాఖకు కేంద్రమంత్రి అయినారు. పిలిచి పదవి ఇచ్చింది ఎవరో కాదు, లాల్ బహదూర్ శాస్త్రిగారు. 1956లో అరియలూరు రైలు ప్రమాదం జరిగినప్పుడు నైతిక బాధ్యత నాదేనని రైల్వేమంత్రి పదవి వదిలేసిన మనిషి ఆయన. పదవి వదలడం విలువ తెలిసిన శాస్త్రిగారు, పదవి వదిలిన మనిషికి రెండో అవకాశం ఇచ్చారని ఒకరంటారు. నాలుగు నెలల్లో కడుక్కుపోయే మచ్చ మచ్చేనా అని ఇంకొకరంటారు. రెండు మాటల్లోనూ న్యాయం వుంది.

ఇక 1969 సంగతి. అప్పటికి సంజీవరెడ్డిగారు హిందూపురం నుంచి లోక్‌సభకు నెగ్గి, 1967 నుంచి స్పీకరుగా వున్నారు. స్పీకరు అన్ని పార్టీలకూ సమానంగా వుండాలని కాంగ్రెసు సభ్యత్వానికే రాజీనామా ఇచ్చారు. 1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుసేన్‌గారు పదవిలో వుండగానే కన్నుమూశారు. జూలైలో బెంగుళూరులో కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు కూర్చుంది. ప్రధాని ఇందిరాగాంధీగారు జగ్జీవన్‌రామ్‌గారి పేరు చెబితే, నిజలింగప్ప, కామరాజ్ మొదలైన పాత నాయకులు సంజీవరెడ్డిగారి పేరు ఖాయం చేశారు. ఇందిరాగాంధీగారికి అది మింగుడుపడలేదు. అయినా పార్టీ అభ్యర్థి కనుక నామినేషన్ పత్రం మీద సంతకం చేశారు. ఆ తరువాత జరిగింది మన అత్తాకోడళ్ళ కథలకు ఏమాత్రం తీసిపోదు. జూలై 16న మొరార్జీ దేశాయ్‌గారి నుంచి ఆర్థికశాఖ తీసేశారు. 19న 14 బ్యాంకులను జాతీయం చేశారు. ఆ మరునాడే వి.వి. గిరిగారు ఉపరాష్ట్రపతి పదవికి రాజీనామా ఇచ్చి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. చివరికి, ఎవరి అంతరాత్మ చెప్పినట్టు వాళ్ళు ఓటు వేయవచ్చునని ప్రధానమంత్రి వర్గం ప్రకటించింది. "ఆత్మప్రబోధం" అన్న మాట ఇంటింటా వినపడింది అప్పుడే. తాను సంతకం పెట్టిన అభ్యర్థిని ఓడించడానికి తానే దారి తెరవడం మన దేశంలో అదే మొదలు.

అప్పుడు నిలబడ్డ ముగ్గురు ముఖ్య అభ్యర్థులూ మనవాళ్ళే. గిరిగారు బరంపురంలో పుట్టిన తెలుగువారు. సంజీవరెడ్డిగారి సంగతి సరేసరి. మూడో ఆయన చింతామణ్ దేశ్‌ముఖ్‌గారు మహారాష్ట్రులు. అయితే ఆంధ్ర మహిళా సభ స్థాపించి ఎందరు ఆడపిల్లలకో చదువూ దారీ చూపిన మన దుర్గాబాయమ్మగారి భర్త ఆయన. కాబట్టి తెలుగింటి అల్లుడు!

రాష్ట్రపతి ఎన్నికలో మీరూ నేనూ ఓటు వేయం. మనం ఎన్నుకున్న ఎమ్మెల్యేలు, ఎంపీలు వేస్తారు. ఒక్కొక్క ఓటుకు ఒక విలువ వుంటుంది. 2022 ఎన్నికలో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159, ఎంపీ ఓటు విలువ 700. ఇంకో విశేషం, ఓటు వేసేవాళ్ళు 1, 2, 3 అని వరుసగా అంకెలు వేయవచ్చు. మనం పిల్లవాణ్ణి బజారుకు పంపుతూ "వంకాయలు దొరికితే వంకాయలు, లేకపోతే బెండకాయలు తే" అని చెబుతామే, అట్లాంటిదే. మొదటి లెక్కలో ఎవరికీ సగానికి మించి రాకపోతే, అడుగున వున్నవాళ్ళను ఒక్కొక్కరినీ తీసేసి, వాళ్ళ ఓట్లలో రెండో అంకె ఎవరికి వేశారో వాళ్ళకు కలుపుతారు.

1969 ఆగస్టు 16న పోలింగు, 20న లెక్క. మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, దేశ్‌ముఖ్‌గారికి 1,12,769. గెలవడానికి 4,18,169 కావాలి. ఎవరికీ రాలేదు. రెండో అంకెలు కలిపితే గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427. తేడా 14,650. రెండో అంకెల మీద గెలుపు తేలిన రాష్ట్రపతి ఎన్నిక అదొక్కటే. ఆ నవంబరులో కాంగ్రెసే రెండుగా చీలిపోయింది.

ఆ ఎన్నికలో జరిగిన ఒక సంగతి మన ఆడవాళ్ళం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. పోలింగు ముందు సంజీవరెడ్డిగారి నడవడి మీద నీచమైన రాతలతో ఒక కరపత్రం వెలువడింది. రాసిందెవరో పేరు లేదు. ఓటర్లయిన పార్లమెంటు సభ్యుల మధ్య అది చేతులు మారింది. గిరిగారి ఎన్నిక చెల్లదంటూ సుప్రీంకోర్టులో వేసిన కేసులో ఈ కరపత్రం ఒక ముఖ్య విషయమైంది. రాష్ట్రపతి హోదాలో వున్న గిరిగారు స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పారు. 1970లో కోర్టు ఆ పిటీషన్లు కొట్టివేసి, ఎన్నిక చెల్లుతుందన్నది.

ఇప్పుడు ఆలోచించండి. ఆ మనిషి మీద పడిన మచ్చలు రెండు. ఒకటి బస్సు రూట్ల తీర్పు. దానికి ఆరోపించినవాళ్ళున్నారు, వాళ్ళ పేర్లున్నాయి, రెండు పక్షాల వాదనలున్నాయి, న్యాయమూర్తులు రాసిన కారణాలున్నాయి. ఎవరైనా చదవవచ్చు, ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. రెండోది ఆ కరపత్రం. దానికి పేరు లేదు, ఋజువు లేదు, జవాబు చెప్పుకోవడానికి చోటు లేదు. విచిత్రమేమిటంటే, జనం నోళ్ళలో ఎప్పుడూ రెండోదే ఎక్కువ తిరుగుతుంది. తీర్పు చదవాలంటే ఓపిక కావాలి. గుసగుసకు చెవి వుంటే చాలు. పైగా అట్లాంటి రాతల్లో ఎవరో ఒక ఆడమనిషిని కూడా వీధికి ఈడుస్తారు. ఆమె ఎవరికీ పోటీ కాదు, ఆమె ఏ పదవీ అడగలేదు. ఇంట్లో భార్యాబిడ్డలు తలెత్తుకు తిరగాలన్న ఆలోచన రాసినవాడికి వుండదు. "నిప్పు లేనిదే పొగ రాదు" అని మనం తేలిగ్గా అనేస్తాం. పొగ పెట్టేవాళ్ళు కూడా వుంటారు తల్లీ! తీర్పును పట్టించుకోవడం పౌరధర్మం. పేరులేని కాగితాన్ని పట్టించుకోవడం అటువంటిది కాదు.

తరువాత కథ త్వరగా చెప్పుకుందాం. 1971లో సంజీవరెడ్డిగారు పాత కాంగ్రెసు తరఫున నిలబడి ఓడిపోయారు. అనంతపురం జిల్లాకు వెళ్ళి సేద్యం చూసుకున్నారు. అందరూ ఇక ఆయన పని అయిపోయిందన్నారు. 1975 మేలో హైదరాబాదులో జయప్రకాశ్ నారాయణ్‌గారితో కలిసి సభలో మాట్లాడి మళ్ళీ బయటకు వచ్చారు. ఎమర్జెన్సీ తరువాత 1977 మార్చిలో ఎన్నికలు. మన రాష్ట్రంలో 42 సీట్లలో 41 కాంగ్రెసుకే వచ్చాయి. మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల, జనతా పార్టీ తరఫున గెలిచింది సంజీవరెడ్డిగారు. ఆ నంద్యాల అప్పట్లో వున్నది కర్నూలు జిల్లాలోనే! బస్సు రూట్ల తగాదా పుట్టిన జిల్లా ప్రజలే పదమూడేళ్ళ తరువాత ఆయన్ను గెలిపించి పంపారు. మళ్ళీ స్పీకరు అయినారు.

ఆ సంవత్సరమే ఫిబ్రవరిలో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్‌గారు చనిపోవడంతో పదవి ఖాళీగా వుంది. ప్రధాని మొరార్జీ దేశాయ్‌గారి మనసులో మొదట వున్న పేరు ఎవరిదో తెలుసా? కళాక్షేత్రం స్థాపించిన నాట్య విదుషి రుక్మిణీదేవి అరండేల్ గారిది. ఆమె వద్దన్నారు. ఒప్పుకుని వుంటే మన దేశానికి మహిళా రాష్ట్రపతి 2007లో ప్రతిభా పాటిల్‌గారి దాకా ఆగకుండా, ముప్పయ్యేళ్ళు ముందే వచ్చేవారేమో! ఆమెదీ అడయారే, సంజీవరెడ్డిగారు చిన్నప్పుడు చదివిందీ అడయారే. ఒకరు పదవి వద్దన్నారు, ఆ పదవి ఎనిమిదేళ్ళ కిందట చేజారిన మరొకరికి వచ్చింది.

ఈసారి 37 మంది నామినేషన్లు వేశారు. పరిశీలనలో 36 చెల్లలేదు. ఊరికే సరదాకు పోటీ చేసేవాళ్ళను అరికట్టడానికి, పదిమంది ఓటర్లు ప్రతిపాదించాలి, పదిమంది బలపరచాలి అని 1974లో చట్టం చేశారు. ఆ సంఖ్యను 1997లో యాభై, యాభై చేశారు. ప్రతిపక్షంలో వున్న కాంగ్రెసు కూడా సంజీవరెడ్డిగారికి ఒప్పుకుంది. 1977 జూలై 25న, 64 ఏళ్ళ వయసులో ఆయన రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. జీతంలో 70 శాతం తగ్గించుకుంటానని ప్రకటించారు.

మరి మచ్చ పోయినట్టేనా? పోటీ లేకుండా గెలవడమంటే మచ్చ పోయిందని కాదు. ఆ రోజు ఎవరికీ ఆయనతో పేచీ అవసరం లేదని మాత్రమే. తీర్పు తీర్పుగానే న్యాయ గ్రంథాల్లో వుంది. అధికారంలో వున్నవాళ్ళ దురుద్దేశం గురించి వాదన వచ్చినప్పుడల్లా న్యాయవాదులు ఆ కేసు తీస్తూనే వున్నారు. రాష్ట్రపతి అయిన తరువాత కూడా ఆయన మీద మాట రాకపోలేదు. 1979 జూలైలో మొరార్జీ ప్రభుత్వం పడిపోయింది. చరణ్‌సింగ్‌గారు ప్రధాని అయి, లోక్‌సభ ముందు బలం చూపించకుండానే ఆగస్టులో రాజీనామా ఇచ్చారు. అప్పుడు నాకు అవకాశం ఇవ్వండని జగ్జీవన్‌రామ్‌గారు అడిగారు. ఆయనకు ఇవ్వకుండా సంజీవరెడ్డిగారు లోక్‌సభను రద్దు చేశారు. 1969లో తనకు ఎదురుగా ఇందిరాగాంధీగారు చెప్పిన పేరు జగ్జీవన్‌రామ్‌గారిదే కదా, ఆ పాత లెక్క ఏమైనా మనసులో వుందా అని అడిగినవాళ్ళున్నారు. ఏ ఒక్కరికీ నిలిచే బలం లేదు గనుక ప్రజల దగ్గరికే పంపారని సమర్థించినవాళ్ళూ వున్నారు. 1980 జనవరిలో ఆ ఎన్నికల్లో నెగ్గి వచ్చిన ఇందిరాగాంధీగారి చేత ప్రధానిగా ప్రమాణం చేయించింది కూడా ఆయనే. కాలం చేసే చమత్కారం అది. 1982 జూలైలో పదవీకాలం పూర్తికాగానే సొంత జిల్లాకు వెళ్ళిపోయారు. 1996 జూన్ 1న బెంగుళూరులో కన్నుమూశారు.

కొందరు ఆయన్ను దేవుణ్ణి చేస్తారు, కొందరు ఒక్క తీర్పుతో కొట్టిపారేస్తారు. రెండూ సోమరితనమే. తప్పుపట్టినప్పుడు కుర్చీ దిగడం ఆయన చేసిన మంచి. అడిగిన చోట తన నోటితో జవాబు చెప్పకపోవడం ఆయన లోపం. ఒకటి రెండోదాన్ని చెరిపేయదు. మన పిల్లవాడు అద్దం పగలగొట్టి, "నేనే" అని చెప్పకుండా గది వదిలి బయటికి వెళ్ళిపోతే, బయటికి వెళ్ళాడు గనుక శిక్ష అయిపోయిందంటామా? అనం. దగ్గర కూర్చోపెట్టుకుని ఏం జరిగిందో చెప్పమంటాం. పెద్ద పదవులు కోరే పెద్దమనుషులను కూడా అదే అడగాలి.

అడగడానికి మనకు అధికారం లేదనుకోకండి. రాష్ట్రపతికి మనం ఓటు వేయం గాని, వేసే ఎమ్మెల్యేకీ ఎంపీకీ ఓటు వేసేది మనమే. మన వాకిట్లోకి చేతులు జోడించుకుని వచ్చేదీ వాళ్ళే. ఒక పేరు మీద మచ్చ వుందని విన్నప్పుడు, ఆ మాట చెప్పిందెవరు, దానికి పేరుందా, ఋజువుందా అని ముందు చూడండి. వుంటే, ఆ మనిషి స్వయంగా ఏం జవాబు చెప్పాడో అడిగి తెలుసుకోండి. చెప్పకుండా తప్పుకున్నాడంటే, మళ్ళీ వచ్చినప్పుడు ఆ జవాబు బాకీ వున్నట్టే లెక్క. బాకీ వసూలు చేయడం మన ఆడవాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు. పాలవాడి లెక్క, చాకలి పద్దు కేలెండరు మీద రాసుకునే చేతులు మనవి.